డబ్బు పోయిన గంటలో 1930: నల్లగొండ నుంచి ఒక అనుభవం

నల్లగొండ దగ్గర బత్తాయి తోట చేసుకునే మా చిన్నాయనకు వేసవిలో వాట్సాప్‌లో ఒక ట్రాఫిక్ చలానా వచ్చింది. దానితోపాటు ఉన్న ఏపీకే ఫైలును (ఫోనులో యాప్‌ను ఎక్కించే ఫైలు) చలానా కాగితమే అనుకుని నొక్కడంతో, ఆయన ఫోనుకు వచ్చే ఓటీపీలు మోసగాళ్లు కూడా చదివే వీలు కలిగింది. కాయలమ్మిన డబ్బులో 68,000 రూపాయలు యూపీఐ ద్వారా మూడు విడతలుగా పోయాయి. సందేశాలు చూసి ఆయన నన్ను పిలిచేసరికి అరగంట గడిచింది, మరో పది నిమిషాల్లో సైబర్ మోసాల ఫిర్యాదులు తీసుకునే జాతీయ హెల్ప్‌లైన్ 1930కు ఫోన్ చేశాము.

ఈ సేవ గురించి మంచిమాట చెప్పకుండా ఉండలేను. అవతలివారు తెలుగులోనే మాట్లాడి, ఓదార్పులతో కాలం గడపకుండా ఖాతా నంబరు, పోయిన సమయం, ఒక్కో చెల్లింపును గుర్తించే యూటీఆర్ నంబరు అడిగారు. బ్యాంకు సందేశంలో ఉండే ఆ 12 అంకెలు ఎందుకు పనికొస్తాయో నాకు ఆ రోజే తెలిసింది: వాటి ఆధారంగా డబ్బు చేరిన బ్యాంకుకు సమాచారం వెళుతుంది, అక్కడినుంచి మరో ఖాతాకు మళ్లి ఉంటే ఆ బ్యాంకుకూ వెళుతుంది, ఎక్కడ మిగిలి ఉంటే అక్కడ హోల్డ్ పడుతుంది. మాకు 41,000 ఆగింది. ఫిర్యాదు సంఖ్య ఎస్సెమ్మెస్‌లో వచ్చాక జాతీయ సైబర్ నేరాల పోర్టల్‌లో వివరాలు నింపాము.

చిన్నాయన ఖాతా ఉన్న బ్యాంకు శాఖలో మాత్రం ఎఫ్‌ఐఆర్ తెస్తే తప్ప మా ఫిర్యాదు కాగితం తీసుకునేది లేదన్నారు. 2017 జూలై 6 నాటి రిజర్వు బ్యాంకు ఉత్తర్వు ప్రకారం, ఖాతాదారు పొరపాటే కారణమైనా, బ్యాంకుకు తెలియజేసిన తరువాత జరిగే నష్టం బ్యాంకుదే. అందువల్ల ఏ నిమిషాన తెలియజేశామన్నదే ముఖ్యం, ఎఫ్‌ఐఆర్ కోసం ఆగమనడం అన్యాయం. నేను వాదించి, తేదీ వేసిన రసీదు తీసుకున్నాను.

చట్టం విషయానికొస్తే, 2000 నాటి సమాచార సాంకేతిక చట్టంలో జనం నోట నానింది ఆన్‌లైన్‌లో అభ్యంతరకర సందేశాలు పంపితే శిక్షించే 66ఎ సెక్షన్ ఒక్కటే. దానిని సుప్రీంకోర్టు 2015 మార్చి 24న కొట్టివేసింది. డబ్బు పోయినవారికి పనికొచ్చేవి 2008 సవరణతో వచ్చిన 66సి (వేరొకరి పాస్‌వర్డ్ వంటివి మోసంతో వాడడం), 66డి. వేరొకరిలా నటించి మోసగించినందుకు 66డి కింద గరిష్ఠంగా మూడేళ్ల జైలు, లక్ష వరకు జరిమానా ఉన్నాయి; పైగా అది బెయిలు దొరికే నేరం. ఒక రైతు ఏడాది కష్టాన్ని గంటలో ఊడ్చుకుపోయే పనికి ఇది తేలికైన శిక్షేనని నా అభిప్రాయం. ఇంకో చిక్కు 78వ సెక్షన్: ఇన్‌స్పెక్టర్ హోదాకు తగ్గని అధికారే దర్యాప్తు చేయాలి, మన మండలాల్లో చాలా ఠాణాలు నడిపేది ఎస్సైలు.

హోల్డ్ పడిన డబ్బు దానంతట అది వెనక్కి రాలేదు, అప్పట్లో దానికి న్యాయస్థానం ఉత్తర్వు కావలసి వచ్చింది. తెలంగాణలో ఇటువంటి వాటిని లోక్ అదాలత్‌లలో పరిష్కరిస్తున్నారు కనుక, వకీలు ఖర్చు లేకుండానే కొన్ని నెలలకు 41,000 చిన్నాయన ఖాతాలో జమయింది. మిగిలిన 27,000 మేము ఫోన్ చేయకముందే వేరే రాష్ట్రంలోని ఏటీఎంలో నగదుగా తీసేశారని తెలిసింది.