అనంతపురం బోరు నీళ్ళతో డెజర్ట్ కూలర్: కొన్ని వేసవుల తర్వాత

మాది కంపెనీ కూలర్ కాదు. ఊళ్ళోనే చేయించిన రేకు బాడీ డెజర్ట్ కూలర్, కిటికీ బయట ఇనుప స్టాండు మీద ఉంటుంది. కొన్నేళ్ళుగా వేసవంతా దాని గాలికే పడుకుంటున్నాం. చల్లదనానికి వంక పెట్టలేను. మన దగ్గర ఎండ ఎంతో, గాలి అంత పొడి. బయట 40 డిగ్రీలు, తేమ 20 శాతం ఉన్న మధ్యాహ్నం ప్యాడ్లు సరిగ్గా తడిస్తే లోపలికి 26 డిగ్రీల దగ్గర గాలి వస్తుంది. నెల్లూరులో మా బామ్మర్ది ఇలాంటిదే కొని తిట్టుకుంటున్నాడు. అక్కడి గాలిలో ముందే తేమ ఉంటే నీళ్ళు ఆవిరయ్యేదెక్కడ?

మనకు తలనొప్పి బోరు నీళ్ళతోనే. ఆవిరయ్యేది నీళ్ళు మాత్రమే, అందులోని ఉప్పు, సున్నం తొట్టిలోనే మిగిలిపోతాయి. మళ్ళీ మళ్ళీ నింపేకొద్దీ చిక్కబడతాయి. కూలర్ ఎంత బాగా పనిచేస్తే తెల్లపొర అంత త్వరగా కడుతుంది. ఫ్యాన్ జోరుగా తిరుగుతూ, నీళ్ళ చప్పుడు వినిపిస్తూ ఉన్నా గాలి వేడిగా వస్తుంటే ముందు ప్యాడ్ చూడండి. నిలువుగా ఎండిన చార కనబడితే పైన నీళ్ళ గొట్టం రంధ్రాలు పూడుకున్నట్టే. సన్న తీగతో పొడిస్తే సరిపోతుంది. అన్ని రంధ్రాల్లోనూ ధార సన్నబడితే పంపు విప్పి లోపలి రెక్కల చక్రం కడగాలి. నేను కొత్త పంపు కొందామని వెళ్తే మెకానిక్కే ఆపాడు: "మోటార్ బాగనే ఉంది సామీ, సున్నం పట్టింది అంతే."

ఆ సున్నానికి నిమ్మ ఉప్పు చాలు. బకెట్ గోరువెచ్చని నీళ్ళలో కొన్ని చెంచాలు కలిపి పంపు విడిభాగాలు, గొట్టం కాసేపు నానబెడితే పొర బుస్సుమని వదులుతుంది. రేకు తొట్టిలో మాత్రం ఆ నీళ్ళు పోసి వదిలేయకండి, జింకు పూత తినేస్తుంది.

ఇన్నేళ్ళలో ఎక్కువ ఫలితమిచ్చిన పని ఖర్చులేనిది: రెండు మూడు రోజులకోసారి తొట్టి పూర్తిగా ఖాళీ చేయడం. పైపైన నింపుకుంటూ పోయిన ఏడాదికి, ఇలా ఖాళీ చేసిన ఏడాదికి ప్యాడ్లలో తేడా కంటికే తెలిసింది. దోమల బాధా తగ్గింది. డెంగీ దోమకు నిలవనీళ్ళలో గుడ్డు నుంచి ఎగిరే దాకా వారం, పది రోజులు చాలు. మున్సిపల్ కుళాయి నీళ్ళు వచ్చిన రోజు అవే పోస్తాం. ఆర్వో మిషన్ వదిలే నీళ్ళు పొదుపు అనుకుని కూలర్‌లో పోస్తుంటారు. బోరు నీళ్ళకంటే ఉప్పు ఎక్కువుండేది వాటిలోనే.

గడ్డి ప్యాడ్లు చవక, వెంటనే చల్లబడతాయి. కానీ సీజన్ మధ్యలోనే కిందికి జారి పైన సందు ఇస్తాయి, ఆ సందులోంచి వచ్చేది వడగాలే. తేనెపట్టులా గళ్ళుండే హనీకోంబ్ ప్యాడ్లకి మారాక ఆ బాధ లేదు. ధర ఎక్కువే, అయినా నా ఓటు దానికే. కూలర్ కట్టేసేముందు పంపు ఆపి ఫ్యాన్ ఒక్కటే కాసేపు తిప్పితే నీచువాసన రాదు. ఎదురు కిటికీ కొద్దిగా తెరిచే ఉంచాలి, మూస్తే గది జిడ్డుజిడ్డుగా అవుతుంది.

ఫ్యాన్ నెమ్మదించిందంటే చాలాసార్లు కెపాసిటర్ పోయి ఉంటుంది. చిన్న ఖర్చే. రేకు బాడీ, నీళ్ళు, కరెంటు ఒకేచోట ఉన్నాయి కాబట్టి ఎర్తింగ్ సరిచూసుకోండి, తొట్టిలో చెయ్యి పెట్టేముందు ప్లగ్ పీకండి.

ఈసారి కొంటే ఫైబర్ తొట్టి, అడుగున డ్రెయిన్ గొట్టం ఉన్నదే కొంటాను. ఐస్ పెట్టుకునే అర ఉందని షాపువాళ్ళు ఊరిస్తారు. ఆ ఐస్ కరిగేదాకా కాస్త చలువ, తర్వాత మామూలే. దానికోసం ఎక్కువ డబ్బు పెట్టను.