గంటస్తంభం దగ్గర త్రీడీ ప్రింటింగ్ షాపు: మా క్లాసుకి చేయించిన స్పైక్ ప్రొటీన్

విజయనగరం గంటస్తంభం దగ్గర సందులో, స్టేషనరీ కొట్టు మేడ మీద ఉందీ షాపు. కీచైన్లు, దేవుడి బొమ్మలు, నేమ్ బోర్డులు చేస్తుంటారు. నేను ఇంటర్ బైపీసీ పిల్లలకి జువాలజీ చెబుతాను. కరోనా వైరస్ ఒంటి మీద పొడుచుకొచ్చే స్పైక్ ప్రొటీన్ బొమ్మ కోసం వెళ్లాను.

ప్రొటీన్ డేటా బ్యాంక్ సైట్లో 6వీఎస్‌బీ అని కొడితే దాని ఆకారం ఉచితంగా దొరుకుతుంది. దాన్ని అణువుల ఆకారాలు చూపించే చిమెరా ఎక్స్ సాఫ్ట్‌వేర్‌లో తెరిచి, త్రీడీ ప్రింటింగ్‌కి వాడే ఎస్‌టీఎల్ ఫైలుగా మార్చి తీసుకెళ్లాలి. అసలుది సుమారు 16 నానోమీటర్ల ఎత్తు. నేను 16 సెంటీమీటర్లు అడిగాను, అంటే కోటి రెట్లు! ఆ లెక్కన వైరస్ మొత్తం చేయిస్తే దాదాపు మీటరు బంతి అవుతుంది.

ఫైలు చూసి షాపతను "ఏటి మేడమ్ ఇది, కాలీఫ్లవరా?" అన్నాడు. విషయం చెప్పాక మాత్రం కుర్చీ దగ్గరకి లాక్కున్నాడు. ఒకే ముద్దగా వద్దు, స్పైక్‌లో అల్లుకుని ఉండే మూడు ప్రొటీన్ గొలుసుల్ని, అంటే మూడు చైన్లనీ మూడు రంగుల్లో విడిగా చేసి కలుపుదాం, లోపలా కనిపిస్తుంది అన్న సలహా అతనిదే. ఆ మాటకే నేను ఈ షాపుకి మంచి మార్కులేస్తాను.

లోపలే కదా అసలు సంగతి ఉంది. స్పైక్ బిగించిన స్ప్రింగులాంటిది. విడిపోతే పొడుగ్గా సాగి వేరే ఆకారమైపోతుంది. ఆ సాగిన రూపాన్ని చూసి తయారైన యాంటీబాడీల్లో చాలావరకు వైరస్‌ని ఆపలేవు. అందుకే టీకా కోసం ఆ చైనులో 986, 987 స్థానాల్లో ఉన్న అమైనో ఆమ్లాలు తీసేసి, ప్రోలీన్ అనే వంగని అమైనో ఆమ్లాలు రెండు పెట్టారు. స్ప్రింగు విడవదు. ఫైజర్, మోడెర్నా టీకాల్లో ఉన్నది ఈ మార్పే. ఆ రెండు చోట్లా నేను ఎర్ర గోళ్లరంగు పెట్టాను.

ఇబ్బందీ చెప్పాలి. శనివారం అన్నది మంగళవారం ఇచ్చారు. మధ్యలో కరెంటు పోయి ఒక చైను సగంలో ఆగి, మళ్లీ మొదలెట్టాల్సి వచ్చిందట. పైగా ప్రింట్ అయ్యేటప్పుడు బొమ్మకి ఆసరాగా ఉండే సపోర్టు పుల్లలు కట్టరుతో గబగబా లాగడంతో, పైకి లేచి ఉన్న ముక్క మెడ దగ్గర విరిగింది. నాకు ప్రాణం ఉసూరుమంది. అతను మారుమాట లేకుండా ఆ చైను మళ్లీ ప్రింట్ చేసిచ్చాడు, డబ్బు అడగలేదు. మొత్తం 1,400 తీసుకున్నారు.

విరిగిన ముక్కని పారేయనివ్వలేదు. మన కణానికి అతుక్కునేది అదే, దాన్నే ఆర్‌బీడీ అంటాం. హైదరాబాద్ బయోలాజికల్ ఇ వాళ్ల కార్బెవాక్స్ టీకాలో వైరస్ ఉండదు, దాని భాగాల్లో ఈస్ట్‌లో తయారుచేసిన ఈ ముక్క ఒక్కటే ఉంటుంది. 2022 మార్చిలో 12 నుంచి 14 ఏళ్ల పిల్లలకి వేసింది ఆ టీకానే. ఇప్పుడు నా ముందున్నది ఆ పిల్లలే. వెనక బెంచీ అమ్మాయి ముక్కని అరచేతిలో పెట్టుకుని, రెండో చేత్తో భుజం తడుముకుంటూ "మేడమ్, మాకు బళ్లో వేసింది ఇదేనా?" అంది. అవునన్నాను. ముక్క నాలుగు బెంచీలు తిరిగొచ్చేసరికి బెల్లు కొట్టేశారు, ఎవరూ లేవలేదు.

వెళ్లేవాళ్లు సపోర్టులు నెమ్మదిగా తీయమని ముందే చెప్పండి. సాగిపోయిన రూపం కూడా పక్కన పెట్టి చూపించాలని ఉంది, దానికి 500 అడ్వాన్సు ఇచ్చి వచ్చాను.