పాస్ గ్యారంటీ అన్నారని భద్రతా ఆడిట్ ప్యాకేజీ కొన్నాం. మీరు కొనేముందు ఇది చదవండి

కంపెనీ సొంత విమానాలకి భద్రతా ఆడిట్ చేయించుకోవాలని కన్సల్టెంట్ కోసం వెతుకుతున్నవాళ్లు డబ్బు కట్టేముందు ఒక్క నిమిషం ఆగండి. మేం ఆగలేదు. ఏడాది తిరక్కుండానే మా జెట్ రెక్క చివర హ్యాంగర్ తలుపుకి తగిలి నలిగిపోయింది. అదృష్టం కొద్దీ ఎవరికీ దెబ్బ తగల్లేదు. కానీ ఇలా జరుగుతుందని మా సీనియర్ మెకానిక్ రెండుసార్లు రాతపూర్వకంగా హెచ్చరించారని తెలిసిన రోజు నాకు నిద్ర పట్టలేదు.

మాది చిన్న ఫ్లైట్ డిపార్ట్‌మెంట్. రెండు విమానాలు, ఐదుగురు పైలట్లు, ఇద్దరు మెకానిక్‌లు. బయటివాళ్లకి అద్దెకివ్వం. ఇలాంటి సొంత ప్రయాణాల మీద ఎయిర్‌లైన్స్ మీద ఉన్నంత గట్టి నిబంధనలు సాధారణంగా ఉండవు. అమెరికానే తీసుకుంటే అక్కడి విమానయాన నిబంధనల్లో సొంత వాడకానికి పార్ట్ 91 అనే భాగం, అద్దెకి తిప్పేవాటికి అంతకంటే కఠినమైన పార్ట్ 135. అందుకే చాలా కంపెనీలు తమంతట తామే ఒక ప్రమాణాన్ని ఒప్పుకుని బయటి ఆడిటర్‌ని పిలిపించుకుంటాయి. వాటిలో బాగా పేరున్నది ఐఎస్-బీఏఓ, అంతర్జాతీయ బిజినెస్ ఏవియేషన్ కౌన్సిల్ 2002లో తెచ్చినది. అందులో మూడు దశలున్నాయి. మొదటి దశ దాటారంటే భద్రతా నిర్వహణ వ్యవస్థ, అంటే ప్రమాదాల్ని ముందే పసిగట్టి తగ్గించే పద్ధతి, ఏర్పాటైందని అర్థం, అంతే. ఆ వ్యవస్థ రిస్కుల్ని నిజంగా అదుపులో పెడుతోందా అన్నది రెండో దశలో తేలుతుంది. సంస్థ రోజువారీ పనిలో అది ఇంకిపోయిందా అన్నది మూడో దశ. ఈ తేడా మాకు ప్యాకేజీ అమ్మినాయన ఒక్కసారి కూడా చెప్పలేదు.

ఆయన చెప్పిందల్లా ఆరు వారాల్లో మాన్యువల్, రిస్క్ ఫారాలు, ఆడిట్‌కి తయారీ అన్నీ అయిపోతాయని, పాస్ గ్యారంటీ అని. ఆ గ్యారంటీ అన్న మాట దగ్గరే మాకు అనుమానం రావాల్సింది. ఫలితం ముందే తెలిసిపోయాక ఆడిటర్ వచ్చి చూసేది ఏముంటుంది?

మాన్యువల్ అయితే చెప్పిన టైముకే వచ్చింది, లావుగా. తెరిచి చూస్తే ఎమర్జెన్సీ ప్లాన్‌లో మా దగ్గర లేని విమానం మోడల్ పేరుంది. అత్యవసర ఫోన్ నంబర్ల పేజీలో మాకు ఏ సంబంధమూ లేని మనుషులున్నారు. అర్ధరాత్రి మా విమానం కబురు తెలియకుండా పోతే డ్యూటీలో ఉన్న మనిషి ఎవరికో అపరిచితులకి ఫోన్ చేసేవాడన్నమాట. అడిగితే పేర్లు మార్చి మళ్లీ పంపారు. మేం అక్కడితో ఊరుకున్నాం, అది మా తప్పే. ఆడిటర్‌ని కూడా ఆయనే చూపించాడు. ఇద్దరూ కలిసి వ్యాపారం చేస్తారని చాలా తర్వాత తెలిసింది. వచ్చిన ఆడిటర్ ఒకటిన్నర రోజు మీటింగ్ గదిలో కూర్చుని కాగితాలు తిరగేశాడు. హ్యాంగర్‌లో అడుగు పెట్టలేదు, మెకానిక్‌లని పలకరించలేదు, ఒక్క ఫ్లైట్ బయల్దేరడం కూడా చూడలేదు. రిపోర్టులో ఒక్క లోపం కూడా రాయలేదు. మేం సంతోషించాం.

ఎవరికైనా ప్రమాదం అనిపిస్తే ఫలానా ఈమెయిల్‌కి రాయాలని ఆ మాన్యువల్‌లో ఉంది. విమానాన్ని టగ్‌తో (తోసే బండితో) హ్యాంగర్ లోపలికి తోసేటప్పుడు రెక్కల చివర నిలబడి చూసే మనుషులు ఉండటం లేదని మా మెకానిక్ ఆ అడ్రస్‌కే రాశారు. నెలన్నర తర్వాత మళ్లీ రాశారు. ఆ మెయిల్‌బాక్స్ కన్సల్టెంట్ ఆఫీసుది. మా సపోర్ట్ గడువు ముగిశాక దాన్ని తెరిచినవాళ్లే లేరు. "రెండుసార్లు రాసినా ఎవరూ పలకలేదు సార్, ఇంక రాయడం మానేశాను" అన్నారాయన. రెక్క బాగుచేయించుకోవచ్చు. రాసి లాభం లేదని మనుషులకి ఒకసారి అనిపించాక మళ్లీ రాయించడం ఎంత కష్టమో ఇప్పుడు తెలుస్తోంది.

చిన్నవాళ్లం కాబట్టి మాకే ఇలా జరిగిందనుకోకండి. 2014 మే 31న అమెరికాలో మసాచుసెట్స్‌లోని బెడ్‌ఫోర్డ్‌లో గల్ఫ్‌స్ట్రీమ్ జీ-4 అనే ఒక బిజినెస్ జెట్ టేకాఫ్ కాలేక రన్‌వే దాటి దూసుకెళ్లి కాలిపోయింది. అందులో ఉన్న ఏడుగురూ చనిపోయారు. విమానం నిలిపి ఉంచినప్పుడు గాలికి కదలకుండా కంట్రోల్స్‌ని బిగించి ఉంచే గస్ట్ లాక్‌ని పైలట్లు తీయలేదు. బయల్దేరే ముందు కంట్రోల్స్ ఒకసారి పూర్తిగా కదిపి చూసినా తెలిసిపోయేది. విమానంలోని డేటా రికార్డర్ పరిశీలిస్తే అంతకుముందు 175 టేకాఫ్‌లలో ఆ పరీక్ష పూర్తిగా చేసినవి రెండే రెండు. ఆ విమానం నడిపిన సంస్థ ఐఎస్-బీఏఓ ఆడిట్ అయిన సంస్థే. చెక్‌లిస్ట్ ఎలా పాటిస్తున్నారో కూడా ఆడిట్‌లో చూడాలని ఆ తర్వాత దర్యాప్తు బోర్డు సిఫార్సు చేసింది.

మేం ఇప్పుడు మళ్లీ మొదటినుంచి చేస్తున్నాం. ఆడిటర్‌ని మేమే వెతుక్కున్నాం, మాన్యువల్ రాసినవాళ్లతో ఆయనకి ఏ లావాదేవీ లేదని రాయించుకున్నాం. మాలాంటి విమానాలు నడిపిన అనుభవం ఉందా, హ్యాంగర్‌లో ఎన్ని గంటలు ఉంటారు, మేనేజర్ పక్కన లేకుండా మెకానిక్‌లతో మాట్లాడతారా అని ముందే అడిగాం. పాత కస్టమర్లకి ఆయన ఎలాంటి లోపాలు చూపించారో కూడా అడిగాం. ఒక్క లోపమూ కనపడలేదని చెప్పుకునే ఆడిటర్ మాకు వద్దు. మాన్యువల్ మాత్రం ఈసారి మా పైలట్లూ మెకానిక్‌లే రాస్తున్నారు. నెమ్మదిగా సాగుతోంది, పర్వాలేదు.

పాత డబ్బు వెనక్కి రాలేదు. ఒప్పందంలో "పత్రాలు అందజేయడం" అని మాత్రమే ఉంది, పత్రాలు అందాయి కాబట్టి అడగడానికి ఏమీ లేదన్నారు. మీ ఒప్పందంలో ఆ వాక్యం ఎలా ఉందో సంతకానికి ముందే చూసుకోండి.

ఇప్పటికే ఇలాంటి ప్యాకేజీ కొన్నవాళ్లు ఉంటే, మీ మాన్యువల్‌లో ఉన్న రిపోర్ట్ అడ్రస్‌కి ఈరోజే ఒక మెయిల్ పెట్టి, అది ఎవరికి చేరుతుందో, ఎన్ని రోజుల్లో జవాబు వస్తుందో చూడండి. ఎమర్జెన్సీ పేజీలో మొదటి నంబర్‌కి ఒకసారి ఫోన్ చేయండి.