రెండు వెలుగు వలయాలు, ఒక తెగిన తీగ

ఎలక్ట్రానిక్ బోర్డులను కూర్చే బల్లల దగ్గర, స్థిర విద్యుత్తును తాకకుండా కొలిచే చేతి మీటరును నాలుగేళ్లుగా వాడుతున్నాను. దీని మీద నాకున్న ఇష్టమంతా ముందువైపున ఉన్న రెండు చిన్న దీపాల వల్ల కలిగినదే. మీటరును వస్తువుకు దగ్గరగా తీసుకువెళ్తుంటే దాని మీద రెండు వెలుగు వలయాలు పడతాయి. అవి ఒకదానిలో ఒకటి కలిసిపోయిన చోట దూరం 25 మిల్లీమీటర్లు. మీటరు నిజానికి కొలిచేది విద్యుత్ క్షేత్రాన్ని. ఆ దూరాన్ని నమ్మి దానిని వోల్టులుగా మార్చి చూపుతుంది. 3 మిల్లీమీటర్లు దగ్గరకు జరిగినా అంకె పదో వంతుకు పైగా పెరుగుతుంది. స్కేలు అడ్డం పెడదామంటే ఆ ప్లాస్టిక్ స్కేలు మీది విద్యుదావేశమే (ఛార్జే) లెక్కను చెడగొడుతుంది.

అయితే మూడో ఏట ఈ మీటరు నన్ను పదకొండు రోజులు తప్పుదారి పట్టించింది. కుర్చీలో కూర్చుని కొలిస్తే 2,100 వోల్టులు చూపిన ప్లాస్టిక్ ట్రే, అరల దగ్గర నిలబడి కొలిస్తే 1,200 మాత్రమే చూపేది. సున్నితమైన బోర్డులకు 30 సెంటీమీటర్ల లోపు 2,000 వోల్టులు మించిన ప్లాస్టిక్ వస్తువు ఉండకూడదన్నది మేము పాటించే నియమం కనుక ఈ తేడా చిన్నది కాదు. గాలిలో తేమను అనుమానించాను, నేల మీది చాపను అనుమానించాను, చివరకు ట్రేలు తయారుచేసిన వారిని కూడా తిట్టుకున్నాను. ఒకరోజు అదే అరల దగ్గర, భూమికి కలిపి ఉన్న లోహపు పలకకు ఎదురుగా మీటరును పట్టుకుంటే వ్యతిరేక గుర్తుతో 900 చూపింది. భూమికి కలిసిన పలకలో వోల్టేజి ఉండదు. మీటరు చూపేది తనకూ వస్తువుకూ మధ్య తేడానే కనుక, ఆ 900 వోల్టులు నా ఒంటి మీదివి, నా చేతిలోని మీటరుకూ చేరినవి. మీటరు ఎర్త్ వైరు పైతొడుగు బాగానే ఉన్నా లోపలి తీగ తెగిపోయింది. కూర్చున్నప్పుడు, ఒంటిని భూమికి కలిపే నా మణికట్టు పట్టీ ద్వారా మీటరు కూడా భూమికి కలిసేది కనుక ఈ లోపం దాగిపోయింది; పట్టీ విప్పి లేవగానే బయటపడేది. అప్పటి నుంచి రోజూ పలక దగ్గర సున్నా చూశాకే పని మొదలుపెడుతున్నాను.

వెలుగు వలయాల గురించి కూడా ఒక మాట సవరించుకోవాలి. అవి దూరాన్ని సరిచూస్తాయి కానీ వస్తువు పరిమాణాన్ని చూడవు. మీటరు అంకెను సరిచూసి అమర్చేది వెడల్పైన చదును పలకతో కనుక, చిన్న కనెక్టరు మీద వలయాలు చక్కగా కలిసినా అంకె అసలు కంటే తక్కువే వస్తుంది. బల్లకు ఆనుకుని పడుకున్న ప్లాస్టిక్ పొరను పైకెత్తగానే అంకె ఎగబాకడం కూడా మొదట్లో నాకు మీటరు లోపంలాగే తోచింది. ఛార్జ్ మారలేదు, లోహపు బల్లకు దూరమయ్యేసరికి కెపాసిటెన్స్ (ఛార్జ్‌ను పట్టి ఉంచే సామర్థ్యం) తగ్గి వోల్టేజి పెరిగింది.

నా పని ట్రేలు, కవర్లు, వెడల్పైన పొరలతోనే కనుక నాకు ఇది సరిపోతున్నది. చిప్పు కాళ్ల వంటి చిన్న భాగాలను కొలవవలసిన వారికి మాత్రం, వస్తువు వోల్టేజికి తన వోల్టేజిని సమం చేసుకుని చూపే కంపన ప్రోబు వోల్టుమీటరే మేలనుకుంటాను.