పీఎఫ్ కుటుంబ పింఛను "రెన్యువల్" పేరుతో డబ్బు తీసుకునే ఆన్‌లైన్ సెంటర్లతో జాగ్రత్త

ఒంగోలు, చీమకుర్తి, టంగుటూరు, సింగరాయకొండ ప్రాంతాల్లో భర్త చనిపోయిన తరువాత పీఎఫ్ నుంచి కుటుంబ పింఛను అందుకుంటున్న మహిళలకు, వారి పిల్లలకు ఈ హెచ్చరిక. పింఛనుదారు బతికే ఉన్నారని ఏటా ఇవ్వవలసిన లైఫ్ సర్టిఫికెట్టుకు "పింఛను రెన్యువల్" అని పేరు పెట్టి, ఫీజు తీసుకుని చేస్తామనే ప్రైవేటు సెంటర్లో డబ్బు కట్టే ముందు దీన్ని చివరిదాకా చదవండి. మా పిన్నమ్మ అలా డబ్బు కట్టింది, కాగితం తెచ్చుకుంది, అయినా ఆమె పింఛను ఆగిపోయింది. ఆ సెంటరు పేరు ఇక్కడ రాయడం లేదు. ఆ ఒక్క చోటును తప్పించుకున్నంత మాత్రాన ప్రమాదం తప్పదు, ఇదే పద్ధతిలో పనిచేసేవాళ్లు మరొక చోటా ఉండవచ్చు. కాబట్టి ఆ పద్ధతి ఎలా ఉంటుందో తెలుసుకోవడమే ముఖ్యం.

మా బాబాయి చీమకుర్తి దగ్గర గ్రానైటు పాలిషింగ్ ఫ్యాక్టరీలో పనిచేస్తూ సర్వీసులో ఉండగానే చనిపోయారు. అలాంటి కార్మికుడి భార్యకు 1995 నాటి ఉద్యోగుల పింఛను పథకం కింద, ఆమె బతికి ఉన్నంతకాలం లేదా మళ్లీ పెళ్లి చేసుకునేంతవరకు, నెలనెలా పింఛను వస్తుంది. పిల్లలకు కూడా, ఒకేసారి ఇద్దరికి మించకుండా, 25 ఏళ్లు నిండేవరకు తల్లి పింఛనులో 25 శాతం చొప్పున ఇస్తారు. ఈ పథకంలో కనీస పింఛనును 2014 సెప్టెంబరు నుంచి నెలకు 1,000 రూపాయలుగా నిర్ణయించారు. మా పిన్నమ్మకు వచ్చేది దానికి కాస్త పైన మాత్రమే. పొగాకు సీజనులో ఆకు గుచ్చడానికి, గ్రేడింగుకు వెళ్లి సంపాదించే కూలి తప్ప ఆమెకు వేరే ఆదాయం లేదు. మిగతా నెలల్లో మందులకు, కరెంటు బిల్లుకు ఈ పింఛనే ఆధారం. ఇంత చిన్న మొత్తం మీద కూడా ఎవరో ఒకరు వాటా తీసుకోవడం నాకు మింగుడుపడని విషయం.

గడువు దగ్గర పడిందని ఎవరో చెప్పగా పిన్నమ్మ ఒంగోలులో "పీఎఫ్ క్లెయిములు, పింఛను రెన్యువల్ చేయబడును" అని బోర్డు ఉన్న ఒక సెంటరుకు వెళ్లింది. అక్కడి మనిషి ఐదు వందలు తీసుకున్నాడు. ఆధార్ జిరాక్సుతో పాటు పీపీఓ, అంటే పింఛను మంజూరు పత్రం, ఒరిజినల్ కూడా "ఫైలులో ఉండాలి" అని తన దగ్గరే పెట్టుకున్నాడు. ఓటీపీ ప్రతిసారీ అడగడం కష్టమని చెప్పి, దరఖాస్తులో ఆమె సెల్ నంబరుకు బదులు తన నంబరు వేశాడు. దరఖాస్తులో మళ్లీ పెళ్లి చేసుకున్నారా అనే ప్రశ్న ఒకటి ఉంటుంది. దాన్ని నలుగురు కూర్చున్న చోట ఆమెను గట్టిగా అడిగి నవ్వాడట. ఆ మాట చెప్పేటప్పుడు పిన్నమ్మ కళ్లు పైకెత్తలేదు. ఈ ప్రశ్న చట్టప్రకారం అవసరమే, ఎందుకంటే మళ్లీ పెళ్లి చేసుకున్నవారికి ఈ పద్ధతిలో సర్టిఫికెట్టు రాదు. కానీ పెద్దావిడను ఎలా అడగాలో తెలియని మనిషి చేతిలో మన ఇంటి కాగితాలు పెట్టకూడదు.

చివరికి ప్రమాణ్ ఐడీ, అంటే ఆన్‌లైన్ లైఫ్ సర్టిఫికెట్టు నంబరు, ఉన్న ఒక ప్రింటు ఇచ్చి, "ఏడాది దాకా ఢోకా లేదు" అని చెప్పి పంపాడు. ఆమె దాన్ని బ్యాంకు పాసుబుక్కులో మడిచి భద్రంగా పెట్టుకుంది. ఆ తరువాత కొద్ది కాలానికే పింఛను పడటం ఆగిపోయింది. వెళ్లి అడిగితే ఒకసారి సర్వరు పనిచేయడం లేదన్నాడు, మరోసారి ఢిల్లీలో పెండింగులో ఉందన్నాడు, ఇంకోసారి బ్యాంకు తప్పు అన్నాడు. బ్యాంకుకు వెళితే ఖాతా బాగానే ఉందనీ, పీఎఫ్ వాళ్లు పంపితేనే జమ అవుతుందనీ చెప్పారు. కాళ్లరిగేలా తిరిగిన తరువాత, రెండు వేలు ఇస్తే "పైన మాట్లాడి" పింఛను విడుదల చేయిస్తానన్నాడు. ఆలస్యమైతే ఆగిన నెలల సొమ్ము మురిగిపోతుందని బెదిరించాడు కూడా. అప్పుడు పిన్నమ్మ నాకు ఫోన్ చేసింది.

ఆ ప్రింటును తీసుకుని కూర్చుని ఒక్కొక్క గడి పీపీఓతో, పాసుబుక్కుతో సరిచూస్తే విషయం బయటపడింది. పీపీఓ నకలు మా తమ్ముడి ఫోనులో ఫోటోగా ఉండటం మేలైంది. ప్రింటులోని పీపీఓ నంబరులో పక్కపక్కన ఉండవలసిన రెండు అంకెలు తారుమారయ్యాయి. పింఛను రకం దగ్గర కుటుంబ పింఛను అని కాకుండా సర్వీసు పింఛను అని ఉంది. పింఛను చెల్లించే సంస్థ దగ్గర పీఎఫ్ సంస్థకు బదులు బ్యాంకు పేరు ఉంది. పీఎఫ్ కార్యాలయంలో అడిగితే ఆమె పీపీఓ మీద ఆ ఏడాదికి కొత్త సర్టిఫికెట్టు ఏదీ నమోదు కాలేదని చెప్పారు.

అందరూ తప్పకుండా గుర్తుంచుకోవలసింది ఇక్కడే ఉంది. ప్రమాణ్ ఐడీ రావడం వేరు, దాన్ని పింఛను చెల్లించే సంస్థ ఆమోదించడం వేరు. వేలిముద్ర లేదా ముఖం ఆధార్‌తో సరిపోయిన వెంటనే ఐడీ తయారవుతుంది, ప్రింటు కూడా వస్తుంది. ఆ తరువాత అందులోని వివరాలు తమ రికార్డుతో కలవకపోతే సంస్థ దాన్ని తిరస్కరించవచ్చు. తిరస్కరిస్తే సరైన వివరాలతో మళ్లీ కొత్త ఐడీ తీసుకోవలసిందే. దీనికి సంబంధించిన సమాచారం దరఖాస్తులో ఇచ్చిన సెల్ నంబరుకే వెళ్తుంది. అక్కడ సెంటరు వాడి నంబరు ఉంటే, పింఛను ఆగిపోయేదాకా ఆ ఇంటావిడకు ఏమీ తెలియదు. వాడు చెప్పకపోతే అడిగే దిక్కూ ఉండదు, పైగా ఆగిపోయిన పింఛను అతనికి రెండో ఆదాయమవుతుంది. అందుకే ఎవరు చేసినా, ఎక్కడ చేయించినా, సెల్ నంబరు మాత్రం మీ ఇంట్లోవాళ్లదే ఉండాలి.

ఇలాంటివాళ్ల చేతికి మనం చిక్కడానికి మరో కారణం గడువుల మీద ఉన్న గందరగోళం. మన ఊళ్లలో చాలామందికి పింఛను అంటే సచివాలయం ఉద్యోగులు నెల మొదట్లో ఇంటికి వచ్చి ఇచ్చే ఎన్టీఆర్ భరోసా మాత్రమే. ఆ పింఛను వేరు, పీఎఫ్ పింఛను వేరు. అక్కడ వేసిన వేలిముద్ర ఇక్కడ పనికిరాదు, సచివాలయంలో పీఎఫ్ పింఛను గురించి అడిగితే వాళ్లు చేయగలిగిందీ లేదు. ఇక రిటైరైన కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులు నవంబరులో లైఫ్ సర్టిఫికెట్టు ఇస్తారు కాబట్టి అందరికీ నవంబరే గడువు అనే మాట ప్రచారంలో ఉంది. పీఎఫ్ పింఛనుదారులకు 2019 డిసెంబరు నుంచి ఆ నిబంధన లేదు. ఏడాదిలో ఏ రోజైనా ఇవ్వవచ్చు, ఇచ్చిన తేదీ నుంచి 12 నెలలు చెల్లుతుంది. అంటే మీ గడువు మీరు గత ఏడాది ఇచ్చిన తేదీని బట్టి ఉంటుంది తప్ప పక్కింటివారి గడువును బట్టి కాదు. ఆ తేదీని పాసుబుక్కు మొదటి పేజీ మీద రాసి పెట్టుకోండి. నెల రోజుల ముందే పని పూర్తి చేసుకుంటే, ఒకవేళ తిరస్కరణ వచ్చినా సరిదిద్దుకోవడానికి వ్యవధి ఉంటుంది.

ఈ పనికి సెంటరు అవసరం లేదని చెప్పడానికి మా ఇంట్లో జరిగినదే సాక్ష్యం. ఏళ్ల తరబడి పొగాకు ఆకు గుచ్చి, గ్రేడింగు చేసిన పిన్నమ్మ వేళ్లు బంకతో నల్లబడి, గీతలు అరిగిపోయి ఉంటాయి. వేలిముద్ర యంత్రం మీద ఎన్నిసార్లు అదిమినా తీసుకోదు. పొగాకు పనిలోనూ, గ్రానైటు పనిలోనూ చేతులు అరిగినవారు మన జిల్లాలో ఎందరో ఉన్నారు, వారిలో చాలామంది సెంటర్ల పాలు కావడానికి ఇదీ ఒక కారణం. అయితే 2021 నవంబరు నుంచి ముఖం చూపించి లైఫ్ సర్టిఫికెట్టు ఇచ్చే సదుపాయం ఉంది. మంచి ఆండ్రాయిడ్ ఫోనులో ప్లే స్టోరు నుంచి "ఆధార్ ఫేస్ ఆర్‌డీ", "జీవన్ ప్రమాణ్" అనే రెండు యాప్‌లు పెట్టుకోవాలి. మొదట ఫోను పట్టుకున్నవారు తమ ఆధార్‌తో ఆపరేటరుగా నమోదై తమ ముఖం చూపించాలి, ఆ తరువాత పింఛనుదారు వివరాలు నింపి వారి ముఖం చూపించాలి. కొడుకు, కూతురు, మేనల్లుడు ఎవరైనా ఆపరేటరుగా ఉండవచ్చు. నేను పిన్నమ్మను పొద్దున్నే వసారాలో వెలుతురుకు ఎదురుగా కూర్చోబెట్టి, కళ్లజోడు తీయించి, తెరమీద చెప్పినప్పుడు రెప్ప వేయమన్నాను. అంతే, ఐడీ వచ్చింది. పీఎఫ్ పింఛనుదారులు ఉమంగ్ యాప్‌లో కూడా ఇదే పని చేసుకోవచ్చు.

నింపేటప్పుడు తొందర పడవద్దు. పింఛను మంజూరు చేసిన సంస్థ, చెల్లించే సంస్థ రెండు చోట్లా పీఎఫ్ సంస్థనే ఎంచుకోవాలి. భర్త తరువాత వచ్చే పింఛను కాబట్టి కుటుంబ పింఛను అని ఎంచుకోవాలి. పీపీఓ నంబరును ఒకరు చదువుతుంటే ఇంకొకరు చూసి సరిపోల్చుకోవాలి. పీపీఓలో ఒక తీరుగా, ఆధార్‌లో మరో తీరుగా పేరు ఉన్నవారు, ముఖ్యంగా పుట్టింటి ఇంటిపేరు ఒక చోట, అత్తింటి ఇంటిపేరు మరో చోట ఉన్న ఆడవారు, ముందుగా దాన్ని సరిచేయించుకోవడం మంచిది.

ఫోను పని రాని ఇళ్లలో పోస్ట్‌మన్‌ను అడగండి. ఇండియా పోస్ట్ పేమెంట్స్ బ్యాంకు ద్వారా పోస్ట్‌మన్ ఇంటికే వచ్చి లైఫ్ సర్టిఫికెట్టు చేస్తారు. మామూలుగా దానికి 70 రూపాయలు తీసుకుంటారు, కానీ పీఎఫ్ పింఛనుదారులకు ఆ ఖర్చును తామే భరించేలా 2025 నవంబరులో పీఎఫ్ సంస్థ ఆ బ్యాంకుతో ఒప్పందం చేసుకుంది. పింఛను పడే బ్యాంకులో, పోస్టాఫీసులో, కామన్ సర్వీస్ సెంటరులో, పీఎఫ్ కార్యాలయంలో కూడా ఇవ్వవచ్చు. ఇన్ని దారులు ఉండగా ఐదు వందలు, వెయ్యి అడిగేవారి దగ్గరకు వెళ్లవలసిన పని లేదు.

పీపీఓ ఒరిజినల్ ఎవరి చేతికీ ఇవ్వవద్దు. మా పిన్నమ్మ పీపీఓను ఆ మనిషి డబ్బు ఇస్తేనే ఇస్తానని పట్టుపట్టాడు. పోలీస్ స్టేషనులో ఫిర్యాదు రాసి ఇస్తామని మా తమ్ముడు గట్టిగా నిలబడిన తరువాతే తిరిగి ఇచ్చాడు. "మీ పింఛను ఆగిపోతుంది, ఓటీపీ చెప్పండి" అని ఫోన్ చేసేవారిని, వాట్సాప్‌లో లైఫ్ సర్టిఫికెట్టు పేరుతో ఏపీకే ఫైలు (ఫోనులో యాప్ ఎక్కించే ఫైలు) పంపేవారిని అసలు నమ్మవద్దు. అలా డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయాలి.

ఇప్పటికే పింఛను ఆగిపోయినవారు ఎవరికీ కమీషను ఇవ్వవద్దు. సరైన లైఫ్ సర్టిఫికెట్టు నమోదయితే ఆగిన నెలల సొమ్ము బకాయిగా ఖాతాలో పడుతుంది. పిన్నమ్మకు అలాగే, రావలసిన నెలలన్నింటి పింఛను ఒకేసారి పడింది, ఎవరికీ రూపాయి ఇవ్వలేదు. నమోదయిందో లేదో పీఎఫ్ సంస్థ పింఛనుదారుల పోర్టల్‌లో చూసుకోవచ్చు. అయినా కదలకపోతే పీఎఫ్ ఫిర్యాదుల పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టి ఆ నంబరు దాచుకోండి. నెలనెలా 27వ తేదీన, ఆ రోజు సెలవయితే తరువాతి పనిదినాన, ప్రతి జిల్లాలో "నిధి ఆప్కే నికట్" పేరుతో పీఎఫ్ అధికారులు నేరుగా ఫిర్యాదులు తీసుకుంటారు. అక్కడికి వెళ్లేటప్పుడు పీపీఓ, ఆధార్, పాసుబుక్కు జిరాక్సులు, సెంటరు వాళ్లు ఇచ్చిన ప్రింటు, పింఛను చివరిసారి పడిన నెల కనిపించే పాసుబుక్కు పేజీ, మెసేజీలు వచ్చే మీ సొంత సెల్‌ఫోను వెంట తీసుకెళ్లండి.