ఫ్యూజీ ఎక్స్-టీ5: డయల్స్ గురించి, కాస్త మెనూల గురించి

ముందే చెప్పేస్తున్నా, ఇందులో ఫొటో క్వాలిటీ గురించి ఏమీ ఉండదు. 40 మెగాపిక్సెల్ సెన్సర్ ఎంత షార్ప్, చీకట్లో ఎంత నాయిస్ అని చెప్పేవాళ్ళు బోలెడుమంది ఉన్నారు. 2022 నవంబర్‌లో వచ్చిన ఈ ఫ్యూజీఫిల్మ్ ఎక్స్-టీ5 కెమెరాని చేత్తో పట్టుకుంటే వేళ్ళు ఎటు పోతాయి, కావాల్సింది వెంటనే దొరుకుతుందా, మెనూల్లో ఎంతసేపు తిరగాలి, నా గోలంతా ఇదే.

ఈ గోల ఎందుకంటే, దీనికి ముందు నా దగ్గరున్న కెమెరాకి (ఏ కంపెనీదో ఇప్పుడెందుకులెండి) పైన ఒకే ఒక మోడ్ డయల్ (ఏది కెమెరా చూసుకోవాలి, ఏది మనం అన్నది ఎంచుకునే చక్రం) ఉండేది, మిగతాదంతా ఒక బటన్ నొక్కిపట్టి చక్రం తిప్పే వ్యవహారం. ఓ రాత్రి ఫంక్షన్‌లో ఐఎస్ఓ (వెలుతురుకి కెమెరా ఎంతగా స్పందించాలో చెప్పే అంకె, చీకట్లో పెంచుతాం) 6400 పెట్టాను. మర్నాడు పొద్దున్నే మంచి వెలుతురులో, అదే 6400తో, ఒక గంట తీశాను. కెమెరా పాపం స్క్రీన్ మూలన ఆ అంకె వేస్తూనే ఉంది, నేనే చూడలేదు. అయినా అక్కడ ఇరవై గుర్తులు కిక్కిరిసి ఉంటే ఎవరు చూస్తారండీ!

ఎక్స్-టీ5 దగ్గర నాకు నచ్చిన మొదటి సంగతి ఇక్కడే ఉంది. ఆన్ చేయకముందే పైనుంచి ఒకసారి చూస్తే చాలు. ఎడమవైపు ఐఎస్ఓ డయల్, కుడివైపు షట్టర్ స్పీడ్ (వెలుతురు ఎంతసేపు లోపలికి రావాలో) డయల్, దాని పక్కన ఫొటోని కాస్త వెలుగుగానో చీకటిగానో చేసే ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ డయల్, అపెర్చర్ (లెన్స్ లోపలి రంధ్రం ఎంత తెరుచుకోవాలో) ఏమో లెన్స్ మీది రింగు మీద. బస్సు ఎక్కే ముందు బోర్డు చదువుకున్నట్టు, కెమెరా ఏ ఊరికి పోతోందో ముందే తెలిసిపోతుంది. కెమెరాని బ్యాగులోంచి తీసి కంటికి పెట్టుకునే లోపు ఐఎస్ఓ సరిచేసేయొచ్చు, స్క్రీన్ వెలగాల్సిన పని లేదు.

పీ, ఏ, ఎస్, ఎం అని మోడ్ డయల్ లేకపోవడం చూసి కొత్తవాళ్ళు కంగారు పడతారు గానీ, నా లెక్కలో ఇదే తేలిక. షట్టర్ డయల్ మీద, లెన్స్ రింగు మీద రెండుచోట్లా ఏ (ఆటో) అనే అక్షరం ఉంటుంది. రెండూ ఏ మీద ఉంటే ఆ రెండిటినీ కెమెరాయే చూసుకుంటుంది. రింగు మాత్రం కదిపితే అపెర్చర్ మీ చేతిలో, షట్టర్ దాని చేతిలో, అపెర్చర్ ప్రయారిటీ అంటే ఇదే. షట్టర్ మాత్రం కదిపితే అటుది ఇటు. రెండూ కదిపితే పూర్తి మాన్యువల్. మా చెల్లెలి కొడుక్కి పాత కెమెరాతో అపెర్చర్ ప్రయారిటీ అంటే ఏంటో చెప్పలేక నా తల ప్రాణం తోకకొచ్చింది, ఇది చేతికిచ్చాక "అంటే ఏ మీద లేనిది మనం చూసుకోవాలన్నమాట" అని వాడే తేల్చేశాడు. నేను అంతకంటే బాగా చెప్పలేను.

ఐఎస్ఓ, షట్టర్ డయల్స్ రెండిటికీ మధ్యలో లాక్ బటన్ ఉంది. ఒకసారి నొక్కితే బిగుసుకుంటుంది, మళ్ళీ నొక్కితే వదులవుతుంది. తిప్పినంతసేపూ నొక్కిపట్టుకునే బాధ లేదు, చిన్న విషయమే గానీ రోజూ వాడేవాళ్ళకి తెలుస్తుంది తేడా. ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ డయల్‌కి మాత్రం ఈ లాక్ లేదు. బొటనవేలికి అందేలా ఉండాలనే అలా వదిలారనుకుంటా, మరి అందే చోట ఉన్నది అనుకోకుండా కూడా కదులుతుంది కదా, అందుకే తీసే ముందు దాన్నొకసారి చూసుకోవడం మంచిది. దాని మీద అంకెలు ప్లస్ 3 నుంచి మైనస్ 3 దాకా, సీ అన్న చోట పెట్టి ముందున్న కమాండ్ డయల్ (వేలితో తిప్పే చిన్న చక్రం) తిప్పితే 5 దాకా పోవచ్చు.

ఐఎస్ఓ డయల్ కింద ఇంకో అంతస్తు ఉంది, సింగిల్ (ఒక్కో ఫొటో), కంటిన్యుయస్ (వరసగా), బ్రాకెటింగ్ (ఒకే దృశ్యం వేర్వేరు వెలుగుల్లో) లాంటివన్నీ అక్కడే. షట్టర్ డయల్ కింద ఫొటోకీ వీడియోకీ మారే స్విచ్. ముందువైపు, లెన్స్ పక్కన, ఫోకస్ మోడ్‌కి ఎస్ (ఒక్కసారి పట్టేది), సీ (కదిలేవాటి వెంట పోయేది), ఎం (మన చేత్తో) అని ఇంకో చిన్న స్విచ్. అన్నీ కంటికి కనబడేవే.

ఇంతవరకు పొగిడాను కదా, ఇప్పుడు అసలు కిటుకు. డయల్ చెప్పేది ప్రతిసారీ నిజం కాదు! షట్టర్ డయల్ మీద గీతలు ఒక్కో స్టాప్ (వెలుతురు రెట్టింపో సగమో అయ్యే మెట్టు) దూరంలో ఉంటాయి, 60 (అంటే సెకనులో అరవయ్యో వంతు), తర్వాత 125, తర్వాత 250 ఇలా. మధ్యలోవి కావాలంటే కమాండ్ డయల్‌తో సరిచేసుకోవాలి. అలా చేశాక డయల్ 125 అంటుంది, వ్యూఫైండర్ (కన్ను పెట్టి చూసే కిటికీ) 100 అంటుంది, నిజం వ్యూఫైండర్‌ది. ఇక డయల్‌ని టీ అన్న అక్షరం మీద పెట్టి మొత్తం స్పీడ్లన్నీ కమాండ్ డయల్‌తోనే తిప్పేసుకోవచ్చు, చాలామంది అలాగే వాడతారు కూడా, నాకైతే అది మంచి పళ్ళెం కొనుక్కుని విస్తరాకులో తినడంలా ఉంటుంది. ఐఎస్ఓని ఏ మీద పెట్టి ఆటోలో వదిలేసినా అంతే, డయల్ నోరు మూసుకుంటుంది.

లెన్సుల విషయంలోనూ ఇదే చూసుకోవాలి. ఎఫ్2 లాంటి ప్రైమ్ (జూమ్ లేని) లెన్సుల రింగు మీద అంకెలుంటాయి, టిక్ టిక్ మని పడుతుంది. 18-55 లాంటి జూమ్ మీద రింగు ఉంటుంది గానీ అంకెలుండవు, తిప్పుతూనే పోవచ్చు. ఎక్స్‌సీ అని రాసున్న చవక లెన్సులకి అసలు రింగే ఉండదు, అపెర్చర్ కమాండ్ డయల్ మీదికి వచ్చేస్తుంది. డయల్స్ కోసమే ఈ కెమెరా కొనేవాళ్ళు లెన్స్ కూడా అంకెలున్నదే చూసుకోండి, లేకపోతే సగం సరదా పోయినట్టే.

డయల్ పద్ధతికి ఇంకో ఖరీదు కూడా ఉంది. సీ1 నుంచి సీ7 దాకా ఏడు కస్టమ్ సెట్టింగులు దాచుకోవచ్చు అంటారు, దాచుకోవచ్చు నిజమే, ఫిల్మ్ సిమ్యులేషన్ (పాత ఫిల్ముల రంగుల పోలిక), వైట్ బ్యాలెన్స్ (వెలుతురుని బట్టి రంగులు సరిచేసేది), ఇలాంటివన్నీ క్షణంలో మారిపోతాయి. కానీ షట్టర్ స్పీడు 250 మీద ఉంటే సీ3కి పోయినా సీ4కి పోయినా 250 మీదే ఉంటుంది, దాన్ని తిప్పడానికి లోపల చెయ్యేమీ లేదు కదా. స్టేజీ మీద ఒక నిమిషం ప్రసంగం, మరు నిమిషం డాన్సు, ఇలా తీసేవాళ్ళకి ఈ కెమెరా సరైనది కాదనే నా అభిప్రాయం. ఇదే 40 మెగాపిక్సెల్ సెన్సర్‌తో అదే ఏడాది వచ్చిన ఎక్స్-హెచ్2కి మామూలు మోడ్ డయల్ ఉంది, కస్టమ్ స్థానాలు ఆ డయల్ మీదే ఉంటాయి, వాళ్ళకి అది హాయి.

మెనూల సంగతి త్వరగా చెప్పేస్తా. పొడుగ్గా ఉన్నాయి, ఏ కంపెనీవి మాత్రం పొట్టిగా ఉన్నాయి గనక! మొదటిరోజు ఓపిగ్గా కూర్చుని, తరచూ వాడేవన్నీ మై మెనూలోకి (మనకి కావాల్సినవి పెట్టుకునే సొంత పేజీ) లాక్కుంటే తర్వాత అసలు మెనూకి పోయే పని పెద్దగా పడదు. క్యూ బటన్ నొక్కితే 16 సెట్టింగుల గడులు వస్తాయి, వాటిని 12, 8, 4కి తగ్గించుకోవచ్చు. నేను 8కి తగ్గించాను, కన్ను వెతుక్కోకుండా పోయి సరైన గడి మీద పడుతోంది. క్యూ బటన్‌ని కాసేపు నొక్కిపడితే ఆ గడుల్ని మార్చుకునే పేజీ తెరుచుకుంటుంది, డిస్ప్ బటన్‌ని అలాగే పడితే ఏ బటన్ ఏ పని చేయాలో మార్చుకోవచ్చు. ఈ రెండూ తెలియకపోతే సెటప్ మెనూలో పడి ఈదాల్సిందే.

మెనూలో నాకు అర్థం కానిది ఒక్కటే. మనిషి ముఖం, కళ్ళు పోల్చుకుని ఫోకస్ పట్టే సెట్టింగు ఒకచోట, జంతువులు, పక్షులు, రైళ్ళు, విమానాలు పట్టే సెట్టింగు ఇంకోచోట. ఒకటి ఆన్ చేస్తే రెండోది ఆఫ్ అవుతుంది. పిల్లాడూ కుక్కపిల్లా ఆడుకుంటుంటే ముందు ఎవరి పక్షమో తేల్చుకోవాలన్నమాట. అందుకే ఈ రెండిటికీ రెండు బటన్లు కేటాయించుకోవడం మంచిది.

వ్యూఫైండర్ హాయిగా, పెద్దగా ఉంది, 0.8 మాగ్నిఫికేషన్, 36.9 లక్షల డాట్స్. కెమెరాని నిలువుగా తిప్పితే లోపలి అంకెలు కూడా తిరిగి నిలబడతాయి. నలభై దాటిన కళ్ళకి ఒక మాట: స్క్రీన్ సెటప్‌లో లార్జ్ ఇండికేటర్స్ అని ఒకటుంది, పెట్టుకుని చూడండి, అద్దాలు వెతుక్కోనక్కర్లేదు. వెనక స్క్రీన్ పైకి, కిందికి, ఒక పక్కకి వంగుతుంది, నిలువు ఫొటోని నేలమట్టంలో తీయాలంటే ఆ పక్కకి వంగడం ఎంత పనికొస్తుందో చెప్పలేను. ముందుకి మాత్రం తిరగదు, సెల్ఫీ వీడియోలు తీసేవాళ్ళు గమనించాలి.

స్టూడియో ఫ్లాష్ తగిలించేవాళ్ళకి ఒక ముక్క. మాన్యువల్‌లో అపెర్చర్ ఎఫ్8, షట్టర్ 125 పెట్టి వ్యూఫైండర్‌లో చూస్తే అమావాస్య చీకటే కనబడుతుంది, కెమెరా పాడైందని టెన్షన్ పడకండి. ఫ్లాష్ వెలుగు దానికి ముందే తెలియదు, ఉన్న వెలుతురుకి ఫొటో ఎలా వస్తుందో అదే చూపిస్తోంది. మాన్యువల్ మోడ్‌లో ఎక్స్‌పోజర్ ప్రివ్యూ అనే సెట్టింగు ఆఫ్ చేస్తే మనుషులు కనబడతారు. పని అయ్యాక మళ్ళీ ఆన్ చేయడం మర్చిపోకండి, దీనికి డయల్ లేదు మరి.