బోర్డోనా, దిజోనా: వైన్ సీమలో ఏ ఊరు మేలు?

పారిస్ అయ్యాక రెండు రోజులు మిగిలితే చాలామంది టికెట్ తీసేది బోర్డోకే. 2017లో కొత్త హైస్పీడ్ లైను వచ్చాక రెండు గంటల పైచిలుకు ప్రయాణం అంతే. నా ఓటు మాత్రం దిజోన్‌కి. పారిస్ నుంచి అది ఇంకా దగ్గర.

బోర్డో అందం గురించి వాదన లేదు. గరోన్ నది ఒంపు పొడవునా 18వ శతాబ్దపు రాతి మేడలు, బూర్స్ చౌకు ఎదుట నేల మీద పలచగా నీళ్లు పరుచుకున్న నీటి అద్దం. పిల్లలు ఎండాకాలంలో అక్కణ్ణుంచి ఓ పట్టాన కదలరు. ఆ మేడలు లేచింది వైన్ డబ్బుతో మాత్రమే కాదు. కరీబియన్ దీవుల చక్కెర, బానిసల వ్యాపారం కూడా వాటి వెనక ఉన్నాయి. ఆ కథ చెప్పే గదులు అక్విటేన్ మ్యూజియంలో ఉన్నాయి, వాటిని దాటేసి రావద్దు. ఇబ్బందల్లా ద్రాక్షతోటలతోనే. ఊరికి ఉత్తరాన ఉన్న మెదోక్ సీమలో పేరున్న షాతోలు (వైన్ ఎస్టేట్లు) చూడాలంటే కారు ఉండాలి, ముందే అపాయింట్‌మెంట్ తీసుకోవాలి. రైల్లో సులువుగా వెళ్లగలిగేది సెంతెమిలియోన్ అనే వైన్ ఊరికి.

దిజోన్ ఒకప్పుడు బుర్గుండి సీమనేలిన డ్యూకుల (ప్రభువుల) రాజధాని. వాళ్ల కోటలోని మ్యూజియంలో శాశ్వత ప్రదర్శనకు టికెట్ లేదు. అక్కడ ఫిలిప్ డ్యూకు సమాధి కింద మూరెడు పొడవు కూడా లేని తెల్లని అలబాస్టర్ రాతి శోకమూర్తులు వరసగా నడుస్తుంటాయి. ఒకరి ముఖం ముసుగులో, ఇంకొకరి చేతులు ప్రార్థనలో, ఏ ఇద్దరూ ఒకలా ఉండరు. నాకైతే బోర్డో మేడలన్నిటికంటే ఆ చిన్న బొమ్మలే ఎక్కువ. నోత్ర్ దామ్ చర్చి గోడ మీది గుడ్లగూబను ఎడమచేత్తో తాకి కోరిక కోరుకోవడం ఆ ఊరి ఆనవాయితీ. తాకీ తాకీ దాని ముఖం అరిగిపోయింది.

ఇక ద్రాక్షతోటలంటారా, పక్కనున్న బోన్ ఊరికి వెళ్లే లోకల్ రైలు వాటి పక్కనుంచే పోతుంది. అరగంట లోపే. బోన్‌లో 1443లో డ్యూకు ఛాన్సలర్ (మంత్రి) నికోలా రోలాఁ పేదల కోసం కట్టించిన ఆసుపత్రి ఉంది. రంగురంగుల పెంకుల కప్పు దానిదే. దాతలు రాసిచ్చిన తోటల వైన్‌ను 1859 నుంచి వేలం వేస్తున్నారు.

తాగనివాళ్లకి కూడా దిజోనే నయం. అక్కడి ఆవముద్దకి వాడేది మన ఆవకాయలో పడే ఆవజాతే, ఘాటు ముక్కుకెక్కుతుంది. గింజలు ఎక్కువగా కెనడావి, అది వేరే సంగతి. శాకాహారులు మాత్రం జాగ్రత్త: బుర్గుండి వంటంటే గొడ్డుమాంసం, నత్తలు. బోర్డో వాళ్ల చిన్న కేకు కానెలేలోనూ గుడ్లు, రమ్ము ఉంటాయి.

చిన్నపిల్లలు వెంట ఉన్నా, సముద్రం చూడాలన్నా బోర్డోకే వెళ్లండి. అక్కణ్ణుంచి సముద్రతీరంలోని ఆర్కషోన్‌కి రైలుంది, దగ్గర్లోనే పిలా ఇసుక దిబ్బ వంద మీటర్ల పైన ఉంటుంది. దిజోన్ అనుకుంటే నవంబరు మూడో ఆదివారం వదిలేయండి. ఆరోజే బోన్ వేలం, గదులు దొరకడం కష్టం.